వంశధారలో పాయలు

(తెలుగు భాషా దినోత్సవం సాయంత్రం, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు రెండు నమస్కారాలు. పెద్దలు ఇష్టపడి వచ్చారు, మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

ఆగస్టు 29న ఈ ఊళ్ళో మైకు పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి మాట్లాడాలి. అందుకు నాకంటే తగినవారు ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. నేను ముప్ఫై రెండేళ్ళు పిల్లల చేత కప్పలు కోయించినవాడిని. అందుకని నిర్వాహకులను ఒక వరం అడిగాను. పంతులుగారి పేరుతో మొదలుపెడతాను, మధ్యలో నా దారిన పోతాను, వీలైతే మళ్ళీ ఆయన దగ్గరికే వస్తాను. వారు సరేనన్నారు. ఇప్పుడు చింతిస్తున్నారేమో తెలియదు.

పంతులుగారు పుట్టింది 1863 ఆగస్టు 29న. అదే ఏడాది మే 30న, అంటే మూడు నెలల ముందు, మద్రాసు పక్కన పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక కంకర గుంటలోంచి ఒక రాయి తీశాడు. అరచేతిలో ఇమిడే రాయి. ఒక కొస మొన తేలి ఉంటుంది, రెండో కొస పిడికిట్లో పట్టేటట్టు గుండ్రంగా ఉంటుంది. మొత్తం మీద బాదంపప్పు ఆకారం. రెండు ముఖాల మీదా పెచ్చులు లేపిన గుర్తులు. ఏట్లో దొర్లిన రాయి నున్నబడుతుంది, కొండమీంచి పడిన రాయి పగులుతుంది. కానీ అటొక పెచ్చు, ఇటొక పెచ్చు లెక్కగా ఊడి, అంచు పొడవునా పదును తేలడం దానంతట అది జరిగే పని కాదు. ఎవరో కూర్చుని చెక్కారు. ఆ సంగతి చూడగల కన్ను ఫుట్‌కు ఉంది. ఇలాంటి చేతిగొడ్డళ్ళు తర్వాత ఆ చుట్టుపక్కల అత్తిరంపక్కంలో కుప్పలుగా దొరికాయి. అక్కడి అడుగుపొరల వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో లెక్కతేల్చారు. 15 లక్షల ఏళ్ళ కింద మనలాంటి మనిషి భూమి మీద ఎక్కడా లేడు. మరి ఆ రాయి చెక్కిన చెయ్యి ఎవరిది? ఈ సాయంత్రం నా ప్రసంగమంతా ఆ చెయ్యి గురించే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మీరందరూ ఆ పటం చూసే ఉంటారు. ఎడమ పక్క వంగిన కోతి, తర్వాత కొంచెం లేచినవాడు, తర్వాత ఇంకొంచెం లేచినవాడు, కుడి చివర ఛాతీ విరుచుకున్న మనిషి. అందరూ ఒకే వరసలో, రేషను షాపు ముందు నిలబడినట్టు. ఆ పటాన్ని తరగతి గోడకు ఇరవై ఏళ్ళు నేనే తగిలించాను. అది చూసి బయటికెళ్ళిన పిల్లలు ఇంటికి పోయి, మా మాస్టారు కోతి మనకు తాత అన్నాడని చెప్పారు. ఒక తండ్రి నా మీద పోట్లాటకు వచ్చాడు. ఆయన కోపం న్యాయమే. ఇప్పుడు బతికి ఉన్న ఏ కోతీ మనకు తాత కాదు. చింపాంజీ మనకు దాయాది. దానికీ మనకూ ఒక ముత్తాత ఉన్నాడు, అతను చింపాంజీ కాదు, మనిషీ కాదు. 60, 70 లక్షల ఏళ్ళ కింద ఆ ఇల్లు వాటాలు పడింది.

70 లక్షల ఏళ్ళంటే మనసుకు అందదు. బ్యాంకు పుస్తకంలో నాకెప్పుడూ అన్ని సున్నాలు కనిపించలేదు. కాబట్టి మన రైలు ఎక్కుదాం. నౌపడ నుంచి గుణుపురానికి 90 కిలోమీటర్లు. ఆ 90 కిలోమీటర్లను 70 లక్షల ఏళ్ళు అనుకోండి. నౌపడ జంక్షనులో మనమూ చింపాంజీలూ విడిపోయాం. గుణుపురంలో దిగితే ఇవాళ. ఒక్కో కిలోమీటరు సుమారు 78 వేల ఏళ్ళు.

బండి కదిలింది. టెక్కలి, పాతపట్నం దాటాం. మన పర్లాకిమిడి స్టేషను 40వ కిలోమీటరు దగ్గర ఉంది, అంటే 39 లక్షల ఏళ్ళ కిందటి మాట. ఇక్కడి నుంచి మూడు కిలోమీటర్లు ముందుకు పోయి కిటికీలోంచి చూడండి. టాంజానియాలో లెటోలి. ఒక అగ్నిపర్వతం బూడిద కురిపించింది. దాని మీద సన్నని వాన పడింది. ఆ తడి బూడిద మీద ఎవరో నడిచి వెళ్ళారు. బూడిద గట్టిపడింది, మళ్ళీ మళ్ళీ బూడిద పడి మూసేసింది. 36 లక్షల 60 వేల ఏళ్ళ తర్వాత, 1978లో, మేరీ లీకీ బృందం ఆ అడుగులను తవ్వి తీసింది. ఇద్దరు పక్కపక్కన నడిచారు. మూడో మనిషి వాళ్ళలో ఒకరి అడుగులోనే అడుగు వేస్తూ వెనక వెళ్ళాడు. వరి గట్ల మీద వానాకాలం నడిచినవారికి ఇది చెప్పనక్కర్లేదు. ముందువాడి అడుగు పడిన చోట జారదు, అందుకని అక్కడే వేస్తాం. ఆ అడుగుల్లో మడమ గుర్తు లోతుగా ఉంది, బొటనవేలు మిగతా వేళ్ళతో వరసలో ఉంది. చింపాంజీ కాలి బొటనవేలు కొమ్మ పట్టుకోవడానికి పక్కకు చాచి ఉంటుంది. ఇది మన పాదం.

ఇంకో ఆరు కిలోమీటర్లు పోతే లూసీ. 1974లో ఇథియోపియాలో దొరికిన ఎముకలగూడు, 32 లక్షల ఏళ్ళది. మూడున్నర అడుగుల మనిషి. నిటారుగా నడిచింది, కానీ ఆమె జాతివారి మెదడు అర లీటరుకు లోపే. మన మెదడు 1,350 మిల్లీలీటర్లు. అంటే ముందు కాళ్ళు వచ్చాయి, తెలివి చాలా తర్వాత వచ్చింది. ఈ మాట పండితులకు మింగుడు పడలేదు. మెదడే ముందు పెరిగి ఉండాలని, అది కూడా తమ ఐరోపాలోనే పెరిగి ఉండాలని వారి నమ్మకం. 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్‌లో సరిగ్గా అలాంటి పుర్రె దొరికింది, పెద్ద మెదడు, కోతి దవడ. అందరూ మురిసిపోయారు. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన పిల్లవాడి పుర్రెను, చిన్న మెదడు, నిటారు నడక గుర్తులు ఉన్న అసలైన పుర్రెను, రేమండ్ డార్ట్ చూపిస్తే పెదవి విరిచారు. పిల్ట్‌డౌన్ పుర్రె మోసమని 1953లో తేలింది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జోడించి, పళ్ళు ఆకురాయితో అరగదీసి, రంగు పూశారు. మూలపురుషుడు మా ఊరివాడే కావాలన్న ఆశ ఎంత చదువుకున్నవాడినైనా గుడ్డివాడిని చేస్తుంది. సరిహద్దులో ఉన్న మనకు ఆ జబ్బు కొత్త కాదు, దాని జోలికి ఇవాళ పోను.

లెక్క ముగిద్దాం. 65వ కిలోమీటరు దాటాక హోమో ఎరెక్టస్ వచ్చాడు. 19 లక్షల ఏళ్ళ కింద. పొడుగు కాళ్ళవాడు, నడకలో మనకు తీసిపోడు. ఆఫ్రికా దాటి జావా దాకా వచ్చినవాడు. 1891లో జావాలో యూజీన్ డ్యుబువా తీసిన పుర్రె ఇతనిదే. అత్తిరంపక్కంలో ఎముకలు దొరకలేదు గానీ, ఆ చేతిగొడ్డలి పట్టిన చెయ్యి ఇతనిదో, ఇతని దగ్గరి బంధువుదో అనుకుంటున్నారు. మన దేశంలో నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సోనాకియా ఒక పుర్రె పైభాగం కనుక్కున్నారు. అది ఎరెక్టస్‌దా, తర్వాతివాడిదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది.

మరి మనం? హోమో సేపియన్స్. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలు సుమారు 3,15,000 ఏళ్ళవి. గుణుపురం ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా మనం బండి ఎక్కాం. గుణుపురం స్టేషనులో బండి ఆగాక, చివరి 130 మీటర్లలో వ్యవసాయం ఉంది. అందులోనూ చివరి మూడు బోగీల పొడవు లోపే రాత, రాజ్యాలు, పురాణాలు, రాష్ట్రాలు అన్నీ. పంతులుగారు పుట్టింది ఇంజను ముక్కుకు రెండు మీటర్ల వెనక. 1900లో మన రాజావారి చిన్న రైలు మొదలైంది మీటరున్నర వెనక.

ఇప్పుడు చిన్న పరీక్ష. అందరూ కుడి అరచెయ్యి పైకి పెట్టండి. బొటనవేలూ చిటికెనవేలూ కొసలు కలపండి. అలాగే ఉంచి మణికట్టును కొంచెం మీ వైపు వంచండి. మణికట్టు మధ్యలో వీణ తీగలాగా ఒక నరం పైకి లేచిందా? నరమని మనం అంటాం గానీ అది కండరపు స్నాయువు. లేచినవారు చేతులెత్తండి. (విరామం.) చాలామంది. లేవనివారు? ఒకరు, ఇద్దరు, అమ్మగారు మూడు, వెనక తలుపు దగ్గర ఒకరు. రెండో చెయ్యి కూడా చూసుకోండి, కొందరికి ఒక చేతికే ఉంటుంది. భయపడకండి, మీ పట్టు ఏమీ తగ్గలేదు. కొమ్మలు పట్టుకుని వేలాడిన దాయాదుల్లో బాగా పనికొచ్చే కండరం ఇది. మనకు దాని అవసరం పోయింది. ఉన్నా లాభం లేదు, లేకున్నా నష్టం లేదు, అందుకే కొందరిలో మాయమైంది. శస్త్రవైద్యులు వేరేచోట స్నాయువు తెగితే దీన్ని తీసి అక్కడ వేస్తారు. మనిషి పుట్టుక గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఈ పుస్తకం మాత్రం మణికట్టు మీదే ఉంది, చదవడానికి కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు.

ఇక పటం సంగతి. వరస తప్పు అన్నాను. మరి చెట్టు గీయమన్నారు, వంశవృక్షం. కొన్నాళ్ళు అదీ గీశాను. ఇప్పుడు నాకు అదీ సరిపోవడం లేదు. చెట్టు కొమ్మ ఒకసారి చీలితే మళ్ళీ కలవదు. ఈ కథలో చీలినవి మళ్ళీ కలిశాయి.

మన పక్కనే వంశధార ఉంది. వంశమంటే సంస్కృతంలో వెదురు కూడా. కణుపు మీద కణుపు లేచినట్టు తరం మీద తరం లేస్తుందని ఆ మాట అలా వచ్చింది. వేసవిలో వంశధారను చూడండి. ఇసుకలో పది పాయలుగా చీలి పారుతుంది. ఒక పాయ ఇంకిపోతుంది. రెండు పాయలు వంద గజాల దూరం విడిగా పోయి మళ్ళీ ఒకటవుతాయి. లక్ష ఏళ్ళ కింద భూమి మీద మనుషులు అలాగే ఉన్నారు. ఆఫ్రికాలో మనం. ఐరోపాలో, పశ్చిమాసియాలో నియాండర్తల్ మనుషులు. ఆసియా తూర్పున డెనిసోవన్లు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల పొట్టివారు. అందరూ మనుషులే, ఒకేకాలంలో.

2010లో స్వాంటే పేబో బృందం నియాండర్తల్ ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీసి చదివింది. 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆఫ్రికా బయటి మనుషులందరి డీఎన్‌ఏలో నూటికి రెండు పాళ్ళు నియాండర్తల్‌ది. అంటే ఈ హాల్లో అందరిదీ. ఇంకో చిత్రం చెబుతాను. సైబీరియాలోని డెనిసోవా గుహలో రెండున్నర సెంటీమీటర్ల ఎముక ముక్క ఒకటి దొరికింది. 90 వేల ఏళ్ళది, కనీసం పదమూడేళ్ళు బతికిన ఒక అమ్మాయిది. డీఎన్‌ఏ చదివితే అమ్మ నియాండర్తల్, నాన్న డెనిసోవన్. ఈ వార్త 2018లో వచ్చినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. అమ్మ తెలుగు, నాన్న ఒడియా అయిన పిల్లలు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. రెండు పాయలు పక్కపక్కన పారితే కలవకుండా ఎలా ఉంటాయి?

ఆ రెండు పాళ్ళు ఊరికే ఉండవు. కొవిడ్‌లో జబ్బు ముదిరే ప్రమాదాన్ని పెంచే ఒక జన్యుభాగం మూడో క్రోమోజోము మీద ఉంది. అది నియాండర్తల్ నుంచి వచ్చిందని 2020లో తేలింది. ఐరోపాలో నూటికి పదహారు మందిలో ఉంటే, మన దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది. మనకు ముఖమైనా తెలియని ఒక ముత్తవ్వ మన ఊపిరితిత్తుల జోలికి వచ్చింది.

మన పాయ ఆఫ్రికా దాటి ఇటు ఎప్పుడు వచ్చింది? ఇప్పుడు బతికున్న మనందరి పూర్వీకులు 50 నుంచి 70 వేల ఏళ్ళ మధ్య బయటపడ్డారని జన్యువుల లెక్క. గుణుపురం ఇంకో కిలోమీటరు ఉందనగా. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దానికంటే ముందువే పనిముట్లు ఉన్నాయి. 74 వేల ఏళ్ళ కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి ఆ బూడిద అక్కడి దాకా వచ్చి పడింది. పనిముట్లు బూడిద కిందా ఉన్నాయి, పైనా ఉన్నాయి. చేసినవారు మన జాతివారా, ముందువారా అని పోట్లాడుకుంటున్నారు. ఎవరైనా కానివ్వండి, బూడిద దులుపుకుని మళ్ళీ రాయి చెక్కడానికి కూర్చున్నారు. అది నాకు నచ్చుతుంది.

పంతులుగారి దగ్గరికి వస్తానన్నాను. రాజావారి బడిలో చరిత్ర చెప్పుకునే మనిషి, సంతకు దిగివచ్చిన సవర గిరిజనుల మాట విని, అది నేర్చుకోవాలని పట్టుపట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. దాని చుట్టాలు తూర్పున ఉన్నారు, కంబోడియాలో, వియత్నాంలో. దాని అప్పచెల్లెలు సంతాలీలో కన్నును మెత్ అంటారు, వియత్నాంలో మత్ అంటారు. ఆ భాషలు మాట్లాడేవారి డీఎన్‌ఏలో తండ్రి వైపు గుర్తు ఎక్కువగా ఆగ్నేయాసియాది, తల్లి వైపు గుర్తు ఈ నేలది. నాలుగు వేల ఏళ్ళ కిందటి సంబంధం. మన సంగతీ అంతే. మొదట వచ్చినవారు, ఇరాన్ వైపువారు, మధ్య ఆసియా గడ్డిమైదానాలవారు, అందరూ కలిశారు. ఈ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జోరుగా సాగిందని జన్యువులు చెబుతున్నాయి. ఆ తర్వాత ఎవరి పాయకు వారు కట్ట కట్టుకున్నారు. ఎవరి సంబంధాలు వారికే. ఆ కట్టల పేర్లు నేను చెప్పక్కర్లేదు, పెళ్ళి ప్రకటనల్లో ఉంటాయి.

సవరల గూడేలకు తిరిగి తిరిగి పంతులుగారికి మలేరియా వచ్చింది. క్వినైన్ మింగారు. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. భాష వినడానికి వెళ్ళిన మనిషికి వినికిడి పోయింది. ఆ కొండల్లో తరతరాలుగా ఉన్నవారు క్వినైన్ లేకుండా ఎలా బతికారు? చాలామంది బతకలేదు. పసిపిల్లలు పోయారు. కానీ వారిలో కొందరి రక్తంలో ఒక చిన్న అచ్చుతప్పు ఉంది. హీమోగ్లోబిన్‌లో 146 పూసల గొలుసు ఒకటి ఉంటుంది. అందులో ఆరో పూస మారింది, అంతే. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ తప్పు వస్తే, ప్రమాదకరమైన మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలాగా వంగిపోతాయి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, కీళ్ళ నొప్పి, రక్తహీనత, మనిషి నలిగిపోతాడు. అదే సికిల్ సెల్ జబ్బు. ఒడిశా పశ్చిమాన, దక్షిణాన, అటు మహారాష్ట్రలో గడ్చిరోలిలో ఎక్కువగా ఉంది. కొండవారికే ఉంటుందని అనుకోకండి.

దోమ ఉన్న చోట ఆ అచ్చుతప్పు వరం. దోమ లేని చోట అది శాపం. దానికి తెలివి లేదు, దయ లేదు, పగ లేదు. ఏ పిల్ల బతికి మళ్ళీ పిల్లల్ని కన్నదో, ఆ పిల్ల రక్తంలో ఉన్నదే ముందుకు సాగుతుంది. పరిణామం ఎప్పుడో ఆఫ్రికాలో జరిగి ఆగిపోయిందని అనుకునేవారు మన ఆసుపత్రి బెంచీ మీద ఒక గంట కూర్చుంటే చాలు. అమ్మానాన్న ఇద్దరూ ఆ గుర్తు మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు అవకాశం. ఒక చుక్క రక్తంతో మొదటి పరీక్ష అయిపోతుంది. పెళ్ళికి ముందు జాతకాలు చూపించుకునేవారు అదీ చూపించుకోండి. జాతకం మానేయమని నేను అనడం లేదు, ఆ పోట్లాట వేరే రోజు పెట్టుకుందాం.

ప్రశ్నలుంటే అడగండి. బాబూ, నువ్వు చెయ్యెత్తి చాలాసేపయింది.

(ఒక అబ్బాయి: మాస్టారూ, మరి ఇప్పుడున్న కోతులు మనుషులుగా ఎందుకు మారడం లేదు?)

మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు అడగడానికి మొహమాటపడి ఊరుకున్నారు. నౌపడ జంక్షనులో నువ్వూ మీ పెదనాన్న కొడుకూ ఉన్నారనుకో. నువ్వు గుణుపురం బండి ఎక్కావు, వాడు హౌరా బండి ఎక్కాడు. నువ్వు అక్కడ దిగి, మా అన్న ఇంకా గుణుపురం రాలేదేమిటి, వెనకబడ్డాడు అంటావా? వాడూ నీ అంత దూరమే ప్రయాణం చేశాడు. వాడి పట్టాలు వేరు. చింపాంజీ కూడా ఆ 70 లక్షల ఏళ్ళూ మారుతూనే వచ్చింది. అది మన ఊరు రావాలని ఎప్పుడూ బయల్దేరలేదు.

(అబ్బాయి: మరి నౌపడలో పట్టాలు మార్చింది ఎవరు మాస్టారూ?)

నీ ప్రశ్న ఒక కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళు. వచ్చే ఆదివారం ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను. మిగతావారు టీ చల్లారకముందే తాగండి.